మాత్ర చేతిలో పెట్టేటప్పుడే ఆ నాలుగు మాటలు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

రక్తహీనత మీద మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన వ్యాసం చదివాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. తెలంగాణలోనూ ఇంచుమించు అంతే, 57.6 శాతం. ఆ లెక్కతో నాకు పేచీ లేదు, ఆ లెక్కలో నేనూ ఒకదాన్ని. ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నా ఆడవాళ్లు నిర్లక్ష్యంతో ఐరన్ మాత్రలు మింగడం లేదన్న మాట దగ్గరే ఆగిపోయాను. నేనూ మాత్రలు మానేసినదాన్నే. నిర్లక్ష్యంతో కాదు, భయంతో మానేశాను. ఆ భయం పోవడానికి రెండు నిమిషాల మాట చాలు. ఆ మాట నాకు ఏడు నెలల తరువాత గానీ అందలేదు.

నరసరావుపేటలో ఇరవై రెండేళ్లుగా బట్టలు కుడుతున్నాను. నలభై దాటాక నెలసరి పది పన్నెండు రోజులు ఆగకుండా రావడం మొదలైంది. వయసు వస్తోంది కదా, ఆగిపోయే ముందు ఇలాగే ఉంటుందని చుట్టుపక్కల వాళ్లు అన్నారు, నేనూ నమ్మాను. మెట్లు ఎక్కితే గుండె దడ. సూదిలో దారం ఎక్కిస్తుంటే కళ్ల ముందు నల్లటి చుక్కలు. అన్నిటికన్నా వింతైనది మరొకటి జరిగింది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క వాసన చూస్తే నోట్లో నీళ్లు ఊరేవి. మొదట కొసను నాలుకతో తాకేదాన్ని, తరువాత కొరికి తినడం మొదలుపెట్టాను. వారానికి ఒక పెట్టె సుద్ద ఖర్చయ్యేది. నా కూతురు కనిపెట్టి అడిగితే సిగ్గుతో చచ్చిపోయాను. చిన్నప్పుడు బలపాలు తిన్నందుకు మా అమ్మ వీపు మీద వేసిన దెబ్బలు గుర్తొచ్చాయి. పచ్చిబియ్యం, మట్టి, బలపాలు, సుద్ద తినాలనిపించడం ఒంట్లో ఇనుము తగ్గిందనడానికి ఒక గుర్తని, అది చెడు అలవాటు కాదని తరువాత తెలిసింది. ఈ ఉత్తరం చదివేవారి ఇళ్లలో బియ్యం డబ్బా దగ్గర దొంగతనంగా పిడికెడు నోట్లో వేసుకునే ఆడపిల్ల ఉంటే తిట్టకండి. రక్తపరీక్ష చేయించండి.

నాకు పరీక్షలో హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది. మాత్రలు రాసి, రోజుకు రెండు, పరగడుపున వేసుకోమన్నారు. ఇంకేమీ చెప్పలేదు. బయట పాతికమంది కూర్చుని ఉన్నారు, నేనూ అడగలేదు.

మొదటి మాత్ర వేసుకున్న అరగంటకు కడుపులో తిప్పింది. నోరంతా తుప్పుపట్టిన మేకు చప్పరించినట్టు ఉండేది. మూడో రోజు నుంచి మలబద్ధకం. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఎనిమిదో రోజు పొద్దున మలం నల్లగా కనిపించింది. మా నాన్న కడుపులో పుండు పగిలి పోయారు. పోవడానికి వారం ముందు ఆయనకు నల్లగానే అయింది, మేము పట్టించుకోలేదు. అందుకే ఆ నలుపు చూసి నా కాళ్లు చల్లబడ్డాయి. ఆ ఒక్క రోజు ఆగి చూశాను. తొమ్మిదో రోజుకు మాత్రలను మిషను సొరుగులో పడేశాను. ఇంట్లో చెబితే ఆసుపత్రి ఖర్చని ఎవరికీ చెప్పలేదు.

ఏడు నెలల తరువాత హిమోగ్లోబిన్ 6.4కు పడిపోయింది. అప్పుడు గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మాత్రలు ఎందుకు మానేశావని ఆమె కోప్పడలేదు. మాత్ర వేసుకుంటే ఏమైందని అడిగింది. ఆ ప్రశ్న అంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. నాన్న సంగతి చెప్పి ఏడ్చాను. ఆమె చెప్పినవన్నీ ఆ సాయంత్రమే నా కొలతల పుస్తకం చివరి పేజీల్లో రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పుడు నా పక్కనే ఉంది. అందులో ఉన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మనం మింగిన ఇనుములో ఒంటికి పట్టేది కొంతే. మిగిలింది పేగుల్లోంచి బయటికి పోతూ మలాన్ని నల్లగానో ముదురు ఆకుపచ్చగానో చేస్తుంది. ఇది ప్రమాదం కాదు, మాత్ర మానితే రంగు మామూలవుతుంది. కడుపులో రక్తస్రావమైతే వచ్చే నలుపు వేరు. అది జిగటగా, తారులా అంటుకుంటుంది, విపరీతమైన దుర్వాసన వస్తుంది, దానితోపాటు కళ్లు తిరగడం, కడుపునొప్పి ఉండవచ్చు. అలా ఉంటే, లేదా తేడా తెలియకపోతే, వెంటనే చూపించుకోవాలి. నాకు ఆనాడు కావలసింది ఇదే. ఇంత చిన్న మాట.

పరగడుపున పడకపోతే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. ఒంటికి పట్టేది కాస్త తగ్గుతుంది, అయినా పూర్తిగా మానేయడం కన్నా ఎంతో నయం. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే వికారం తెలియకుండా నిద్రలో గడిచిపోతుందని కొందరికి చెబుతారట. నిమ్మరసంతోనో, ఒక జామకాయ తినో వేసుకుంటే ఇనుము బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలు మాత్రం మాత్రకు గంట ముందు, రెండు గంటల తరువాత వరకు ముట్టకూడదు. నేను ఆ తొమ్మిది రోజులూ పొద్దున మాత్రను టీతోనే మింగాను. అంటే బాధ మొత్తం పడి, ఫలం సగం కూడా పొందలేదన్నమాట. గర్భిణులు చాలామంది కాల్షియం మాత్రను, ఎర్రటి ఐరన్ మాత్రను కలిపి ఒకేసారి గుటుక్కున మింగేస్తారు. ఆ రెండూ ఒకదానికొకటి పడవు, వేరువేరు పూటల్లో వేసుకోవాలి. నా దగ్గరికి జాకెట్లకు వచ్చే కడుపుతో ఉన్న అమ్మాయిలను అడిగి చూశాను. ఈ సంగతి తెలియనివాళ్లే ఎక్కువ.

ఒక మాత్ర వేసుకుంటే ఆ రోజంతా, మరుసటి రోజు కూడా పేగు కొత్త ఇనుమును తక్కువగా లోపలికి రానిస్తుందట. అందుకే నాలాంటి వారికి రోజుకు రెండు బదులు రోజు విడిచి రోజు ఒకటి ఇస్తే, కడుపు బాధ తగ్గుతుంది, ఒంటికీ బాగానే పడుతుందని ఆమె చెప్పింది. గర్భిణులు మాత్రం దీన్ని చూసి సొంతంగా మార్చుకోవద్దు. వారికి 60 మిల్లీగ్రాముల ఇనుము ఉన్న ఎర్ర మాత్ర నాలుగో నెల నుంచి రోజూ ఒకటి, 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు అన్నది ప్రభుత్వ నియమం. బాధ ఉంటే ఏఎన్ఎంకో డాక్టరుకో చెప్పి మార్పించుకోవాలి.

ఇక సెలైన్‌లో ఎక్కించే ఐరన్ సంగతి. నాకు 6.4 ఉంది, రక్తస్రావం ఆగలేదు, గర్భసంచిలో గడ్డలున్నాయని తేలింది. చిల్లుకుండలో చెంబుతో నీళ్లు పోసినట్టే, మాత్రలతో నిండదన్నారు. మా ఊళ్లోనే ఒక నర్సింగ్ హోంలో ఎక్కించుకోమని చీటీ రాసిచ్చారు. మందుకు, మంచానికి కలిపి ఐదు వేలు అయింది. మందు ముదురు గోధుమ రంగులో, చింతపండు పులుసు కాచినట్టు ఉంది. గొట్టంలో ఆ రంగు నా చేతి వైపు దిగుతుంటే చూస్తూ పడుకున్నాను.

నాలుగైదు నిమిషాలు గడిచాయేమో. ముఖం ఒక్కసారిగా వేడెక్కింది. రొమ్ము మీద ఎవరో బండ పెట్టినట్టు బిగిసింది. నడుము పగిలిపోతున్నంత నొప్పి. నోరు తెరిచి పిలుద్దామంటే మాట రాలేదు. మా ఆయన నా ముఖం చూసి కేక పెట్టారు. నర్సు పరుగెత్తుకొచ్చి మందు ఆపింది. ఆ అమ్మాయికి పాతికేళ్లు ఉండవు, చేతులు వణుకుతున్నాయి. డాక్టరు వచ్చి బీపీ చూశారు, గొంతు చూశారు, ఊపిరితిత్తులు విన్నారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. పావుగంటలో అదంతా దానంతటదే తగ్గిపోయింది. తరువాత బాగా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి ఏమీ కాలేదు. ఆ పావుగంటలో మాత్రం నా కూతురు పెళ్లి చూడకుండానే పోతున్నాననుకున్నాను.

ఇలాంటిది కొద్దిమందికి వస్తుందని, అది నిజమైన అలర్జీ కాదని, మందు ఆపితే తగ్గుతుందని, తగ్గాక నెమ్మదిగా తిరిగి ఎక్కించవచ్చని గుంటూరు డాక్టరమ్మ తరువాత చెప్పింది. అసలైన అలర్జీ చాలా అరుదు. అది వస్తే ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, గొంతు వాపు, పిల్లికూతలతో ఆయాసం, బీపీ పడిపోవడం ఉంటాయి. దానికి క్షణం ఆలస్యం చేయకూడదు. అందుకే ఈ మందును అత్యవసర వైద్యం, దాన్ని చేయడం తెలిసిన సిబ్బంది ఉన్నచోటే ఎక్కించుకోవాలి. ఎవరైనా మంచి మనసుతోనే ఇంటికొచ్చి ఎక్కిస్తామన్నా ఒప్పుకోవద్దు. మందు అయిపోయాక కనీసం అరగంట అక్కడే కూర్చోబెట్టి గమనించాలి. నన్ను సూది తీసిన ఐదు నిమిషాలకే పంపేశారు, మంచం వేరేవాళ్లకు కావాలన్నారు.

మరునాడు సాయంత్రం జ్వరం, కీళ్లనొప్పులు, తలనొప్పి వచ్చాయి. మళ్లీ భయం. మా వీధిలో వైద్యం చేసే ఆయన టైఫాయిడ్ కావచ్చని మూడు రోజులు ఇంజెక్షన్లు చేశారు. ఐరన్ ఎక్కించిన తరువాత ఒకటి రెండు రోజుల్లో ఇలా జ్వరం, ఒళ్లునొప్పులు రావడం, కొద్ది రోజుల్లో పోవడం మామూలేనట. లేని టైఫాయిడ్‌కు మా ఇంట్లో తొమ్మిది వందలు ఖర్చయ్యాయి.

నా కూతురు బి.ఫార్మసీ చదువుతోంది. రెండోసారి ఎక్కించుకోవడానికి వెళ్లినప్పుడు నాతో వచ్చి, మందు పెట్టెలో ఉండే కాగితం ఇవ్వమని నర్సును అడిగింది. చెత్తబుట్టలోంచి తీసి ఇచ్చారు. ఎనిమిది మడతలు పెట్టిన కాగితం, చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాలు. ఇంటికొచ్చి మిషను బల్ల మీద పరిచి, ఇస్త్రీపెట్టెతో మడతలు తీసి, తను చదివి తెలుగులో చెబుతుంటే నేను విన్నాను. నాకు జరిగినవన్నీ అందులో ఉన్నాయి. ముఖం వేడెక్కడం ఉంది. కీళ్లనొప్పులు, జ్వరం ఉన్నాయి. కాసేపు బీపీ పెరగవచ్చని ఉంది. అరగంట గమనించమని ఉంది. గర్భిణులకు మొదటి మూడు నెలల్లో వద్దన్న సంగతి ఉంది. మొదటిసారి ఎక్కించే ముందే నాకు తెలియవలసిన ప్రతి ముక్కా ఆ పెట్టెలో, నా మంచానికి మూడు అడుగుల దూరంలో ఉంది. నా చేతికి మాత్రం రాలేదు. ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ ఈ అరగంట సంగతిని 2013లోనే గట్టిగా చెప్పిందని నా కూతురు తన పాఠం చూపించింది.

ఆ మందు కాగితంలో ఇంకొకటి ఉంది, నేను ఎప్పుడూ వినలేదు. నాకు ఎక్కించిన మందు పేరు ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్. దీన్ని పదేపదే ఎక్కించుకుంటే కొందరికి రక్తంలో ఫాస్ఫేట్ అనే ఖనిజం తగ్గుతుంది. అప్పుడు నీరసం, కండరాల బలహీనత, ఎముకల నొప్పులు వస్తాయి. ఎక్కువ కాలం అలాగే వదిలేస్తే ఎముకలు మెత్తబడతాయి. నీరసంగా ఉందని వెళితే మళ్లీ రక్తం తక్కువేమోనని ఇంకోసారి అదే మందు ఎక్కించే ప్రమాదం ఉంది కదా. అందుకే ఏ మందు, ఎంత, ఏ తేదీన ఎక్కించారో చీటీ మీద రాయించుకుని దాచుకోవాలి. 'ఐరన్ సెలైన్' అని రాస్తే చాలదు. ఐరన్ సుక్రోజ్ అనే మరో మందు అయితే ఒకసారికి సాధారణంగా 200 మిల్లీగ్రాములే ఇస్తారు, నాలుగైదు సార్లు వెళ్లాలి. నాకు ఇచ్చిన మందు 1000 మిల్లీగ్రాముల దాకా ఒకేసారి ఇవ్వవచ్చు. రెండూ ఐరనే అయినా లెక్క వేరు, జాగ్రత్తలు వేరు.

ఇక్కడ నాది కాని ఒక బాధ చెప్పాలి. మొన్న వేసవిలో ఒక అమ్మాయి తమ్ముడి పెళ్లికి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చింది. ఎండాకాలంలో మోచేయి దాటేలా చేతులు పెట్టమంది. కొలత తీసుకుంటూ చెయ్యి చాపమంటే సంకోచించింది. మోచేతి మడత లోపల తమలపాకంత మేర గోధుమరంగు మచ్చ. అంచులు సిరా ఒలికినట్టు చర్మంలోకి పాకి ఉన్నాయి. ఏడాదిన్నర కింద ఏడో నెలలో ఐరన్ ఎక్కించారట. మందు నరంలోంచి పక్కకు కారింది. చురుకుమంటోంది, వాస్తోంది అని ఆ అమ్మాయి చెబితే, అలాగే ఉంటుంది, కదలకుండా పడుకో అన్నారట. పడుకుంది. ఇనుము చర్మం కింద దిగితే పచ్చబొట్టులా నిలిచిపోతుంది. నెలల తరబడి ఉండవచ్చు, కొందరికి ఎప్పటికీ పోకపోవచ్చు. ఎక్కడ కాలింది, ఎవరైనా కొట్టారా అని కనిపించినవారంతా అడుగుతున్నారని, అత్తింట్లో ఆ చెయ్యి కొంగు చాటున పెట్టుకుంటున్నానని చెప్పింది. చేతులు రెండంగుళాలు పొడుగు పెట్టి కుట్టాను. కుడుతున్నంతసేపూ నాకు మనసు మనసులో లేదు. చురుకుమంటే, వాస్తే, అక్కడికక్కడే మందు ఆపించుకునే హక్కు ఉందని ఆ అమ్మాయికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే, ఆ మచ్చ గోరంతతో ఆగిపోయేది.

ఇంకొక సంగతి రాయకపోతే నాకు నిద్రపట్టదు. మాత్రలను మిషను సొరుగులో పడేశానని చెప్పాను కదా. ఆ సొరుగులోనే గుండీలు ఉంటాయి. పక్కింటి మూడేళ్ల బాబు మా ఇంట్లో గుండీలతో ఆడుకుంటాడు. ఒకరోజు వాడి చేతిలో ఎర్రటి మాత్రల అట్ట, ఒక మాత్ర అప్పటికే నోట్లో. వేలు పెట్టి తీశాను. మిఠాయి బిళ్లలాగే పైన తీపి పూత ఉంటుంది, పిల్లలు ఇష్టంగా చప్పరిస్తారు. చిన్న పిల్లలకు ఈ మాత్రలు కొన్ని కడుపులోకి పోయినా విషమే. మొదట వాంతులు, విరేచనాలు అయి, కాసేపు తేరుకున్నట్టు కనిపించి, ఆ తరువాత కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. పిల్లవాడు మింగాడని అనుమానం వచ్చినా సరే, తేరుకున్నాడులే అని ఊరుకోకుండా ఖాళీ అట్టతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి. ప్రతి గర్భిణి ఇంట్లో, ప్రతి బాలింత ఇంట్లో ఈ మాత్రలు నెలల తరబడి ఉంటాయి. ఆ ఇళ్లలోనే పాకే పిల్లలు ఉంటారు. పైఅరలో పెట్టండమ్మా అని ఒక్క మాట అనడానికి ఏమంత సమయం పడుతుంది?

చెబితే భయపడి అసలే వాడరని, అందుకే ముందుగా చెప్పడం లేదని ఒకరిద్దరు నాతో అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. పసిపిల్లలకు టీకా వేసేటప్పుడు ఏఎన్ఎం ఏం చెబుతుంది? ఈ రాత్రి జ్వరం రావచ్చు, తొడ వాయవచ్చు, ఇదిగో మందు, భయపడకు అంటుంది. రాత్రి జ్వరం వస్తే తల్లి భయపడదు, చెప్పినట్టే వచ్చిందని మందు వేసి పడుకోబెడుతుంది. తరువాతి టీకాకు మళ్లీ తీసుకొస్తుంది. అదే ఆరోగ్య కార్యకర్త, అదే అరుగు, అదే ఊరు. ఐరన్ మాత్ర దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎందుకు లేదు? మా అన్న కూతురు చదివే బడిలో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్రలు ఇస్తారు. ఒకసారి ఒక పిల్లకు వాంతి అయితే, ఆ తరువాతి వారం సగం మంది నాలుక కింద దాచి గోడ అవతల ఉమ్మేశారట. ఆ పిల్ల ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు, ఖాళీ కడుపున మింగింది. ఆ సంగతి క్లాసులో చెప్పి ఉంటే మిగతా పిల్లలు బెదిరిపోయేవారు కాదు.

ఆరోగ్యశాఖ వారిని నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మాత్రల అట్టతోపాటు అరపేజీ తెలుగు కాగితం ఇవ్వండి, అక్షరాలు పెద్దగా ఉండాలి. చదువురానివారికి ఆశా కార్యకర్త చదివి వినిపించాలి. సెలైన్ ఎక్కించే ప్రతిచోటా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఏ మందు ఎక్కిస్తున్నారో, ఏమవుతుందో, ఎప్పుడు కేక వేయాలో సూది గుచ్చకముందే చెప్పాలి. మరొక మనవి. హిమోగ్లోబిన్ తక్కువ కనబడగానే ఏళ్ల తరబడి ఐరన్ రాయకుండా, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. రక్తం తక్కువైన ప్రతివారికీ ఇనుమే తక్కువ కాదు. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తదోషం ఉన్నవారికి అవసరం లేకుండా ఇనుము పోస్తే అది ఒంట్లో పేరుకుంటుంది. మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఆ అరపేజీని ఒకసారి అచ్చువేస్తే, కత్తిరించి నా దుకాణం గోడకు అంటిస్తాను. వారానికి నలభైమంది ఆడవాళ్లు ఆ గోడ ముందు నిలబడతారు.

గడ్డలకు వైద్యం జరిగింది. ఇప్పుడు నా హిమోగ్లోబిన్ 11.8. రెండోసారి ఎక్కించుకున్న రెండు వారాలకే సుద్ద వాసన చూసినా ఏమీ అనిపించలేదు. ఆ రోజు పెట్టెలో సుద్దముక్కలు లెక్కపెట్టుకుని ఎంత సంతోషించానో చెప్పలేను. మెట్లు ఎక్కుతున్నాను, రాత్రి పది దాకా మిషను తొక్కుతున్నాను. ఐరన్ నన్ను నిలబెట్టింది. ఆ మాట కూడా అంతే గట్టిగా రాస్తున్నాను, ఈ ఉత్తరం చదివి ఎవరూ మాత్రలు మానేయకూడదు.

నా దగ్గర కుట్టు నేర్చుకునే అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. వచ్చే శుక్రవారం ఐరన్ ఎక్కించుకోవడానికి వెళుతోంది. కొలతల పుస్తకంలోని ఆ పేజీలు తెల్లకాగితం మీద రాసి ఇచ్చాను. చురుకుమంటే వెంటనే చెప్పమని, సూది తీశాక అరగంట కూర్చోమని రెండుసార్లు చెప్పాను. తోడుగా నేనే వెళుతున్నాను.

ఇట్లు,
ఒక కుట్టుపనివారు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)